బయానా ఇచ్చి పిలిచిన పాట

పాట సగంలో ఉండగా అమ్మ నా చెవి దగ్గరకు వంగి అడిగింది: "ఈళ్ళకెంతిత్తారే?"

2024 ఆగస్టు మొదటి వారం. అమ్మ మా దగ్గరికి, వేల్స్ రాజధాని కార్డిఫ్‌కి వచ్చి అప్పటికి మూడు వారాలు. ఆ ఏడాది వేల్స్ జాతీయ ఐస్తెద్‌వొద్ మాకు రైల్లో అరగంట దూరంలో ఉన్న పాంటిప్రిద్‌లో పెట్టారు. ఐస్తెద్‌వొద్ అంటే ఏటా ఆగస్టులో వారం రోజులు సాగే జాతర. ఒక ఏడు ఉత్తరాన, మరో ఏడు దక్షిణాన జరుగుతుంది. కవిత్వం, పాట, నాటకం, నాట్యం, చివరికి వేదిక మీద చేసే ప్రకటనలు కూడా వెల్ష్ భాషలోనే ఉండాలని 1950 నుంచి నియమం. అందులో జానపదానికి వేరే డేరా ఉంటుంది. దాని పేరు 'టీ గ్వెరిన్'. టీ అంటే ఇల్లు, గ్వెరిన్ అంటే జనం, మామూలు మనుషులు.

ఆ డేరాలో ఒక చిన్న బృందం వాయిస్తోంది. రెండు ఫిడేళ్ళు, ఒక హార్ప్ (వేళ్ళతో మీటే నిలువు తీగల వాద్యం), ఒక గిటార్. చెక్క అడుగుల బూట్లు వేసుకున్న ఒక అమ్మాయి చెక్కపలక మీద నిలబడి ఆడుతోంది. ఆ ఆటను 'క్లోక్సియో' అంటారు. నడుము పైన మనిషి కదలదు. మోకాళ్ళ కింద మాత్రం పిడుగులు. ఆ చెక్క చప్పుడే బృందానికి తాళం. అమ్మకు ఇంగ్లిషు అంతంత మాత్రం, వెల్ష్ అసలే రాదు. అయినా అరగంట సేపు కాలు ఆడిస్తూ వింది. ఆపైన ఆ ప్రశ్న వేసింది.

నాకు మనసు చివుక్కుమంది. అంత మంచి పాట వింటూ డబ్బు సంగతేమిటి అనిపించింది. "తెలీదమ్మా" అన్నాను. అమ్మ ఊరుకోలేదు. "ఎవులో పిలిసుంటారు గదా, బయానా ఇయ్యకుండా వత్తారేటి?" అంది.

మా తాతగారిది విజయనగరం జిల్లాలో ఒక మెట్ట ఊరు. ఊరి పండక్కి జముకుల కథ వాళ్ళకు బయానా ఇచ్చి రావడం ఆయన పని. తమలపాకుల్లో డబ్బు పెట్టి ఇచ్చేవారట. బయానా అందుకున్నాక ఆ బృందం ఇంకో ఊరికి ఒప్పుకోదు. ఇచ్చినవాళ్ళు ఇంకో బృందాన్ని పిలవరు. అమ్మకు పాట అంటే మొదట గుర్తొచ్చేది ఆ ఒప్పందం. అందుకే ఆమె ప్రశ్నలో చులకన ఏమీ లేదు. నాకది ఆ రోజు అర్థం కాలేదు. ఇప్పుడు మాత్రం, వెల్ష్ జానపదం గురించి ఎవరైనా అడగదగ్గ మొదటి ప్రశ్న అదేనని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

వెల్ష్ జానపదంతో నా పరిచయం మొదలైంది 'ఆర్ లోగ్' అనే బృందంతో. 1976లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో, లోరియాఁ ఊళ్ళో కెల్టిక్ జాతుల సంగీతోత్సవానికి వేల్స్ తరఫున ఎవరినైనా పంపాల్సి వచ్చింది. ఐర్లండ్ నుంచి, స్కాట్లండ్ నుంచి బృందాలు వెళ్తున్నాయి. వేల్స్‌కి అప్పటికి అలాంటి బృందమే లేదు. డేవ్ బర్న్స్, ఐయోలో జోన్స్, అన్నదమ్ములు దవిద్ రాబర్ట్స్, గ్విన్‌దావ్ రాబర్ట్స్, ఈ నలుగురినీ ఒకచోట చేర్చి పంపారు. ఆ చేర్చడం తాత్కాలికం అనుకున్నారు గానీ, తిరిగొచ్చాక వాళ్ళు ఇదే వృత్తిగా పెట్టుకున్నారు. వెల్ష్ జానపదం వాయించి పొట్టపోసుకోవచ్చని ఆధునిక కాలంలో చూపించిన మొదటి బృందం వీళ్ళదే. పెట్టుకున్న పేరు చూడండి: 'ఆర్ లోగ్' అంటే 'కిరాయికి' అని.

మన దగ్గర ఏ జానపద బృందమైనా ఇలాంటి పేరు పెట్టుకుంటుందా? కిరాయి అనే మాట మనకు తిట్టయి కూర్చుంది. కిరాయి గూండాలు, కిరాయి జనం, కిరాయి చప్పట్లు. కళ అనగానే సేవ, ఆరాధన, అంకితం అనాలి. ఆ నలుగురు మాత్రం బోర్డు మీదే రాసుకున్నారు: మమ్మల్ని పిలవండి, డబ్బివ్వండి, వచ్చి వాయిస్తాం.

ఆ పేరులో భాష ముచ్చట ఒకటుంది. అసలు మాట 'లోగ్' కాదు. నాలుకను పంటి వెనక ఆనించి పక్కల నుంచి గాలి వదిలితే వచ్చే ఆ ప్రసిద్ధమైన వెల్ష్ 'ల' అక్షరంతో మొదలవుతుంది. 'ఆర్' ముందు రావడంతో అది మామూలు 'ల'గా మెత్తబడింది. వెల్ష్‌లో మాటల తొలి అక్షరాలు ఇలా మారుతూనే ఉంటాయి. కార్డిఫ్‌ని వాళ్ళు 'కైర్‌దీద్' అంటారు. 'కార్డిఫ్‌కి' అనాలంటే 'ఇ గైర్‌దీద్'. క పోయి గ వచ్చింది. అలాగే ప ఉన్నచోట బ, త ఉన్నచోట ద. సాయంత్రం తరగతుల్లో ఇది నేర్పినప్పుడు మిగతావాళ్ళంతా తలలు పట్టుకున్నారు. నాకు మా తెలుగు మాస్టారు బోర్డు మీద రాసిన గసడదవాదేశ సంధి కళ్ళ ముందు కదిలింది. వాడు కొట్టె, వాడుగొట్టె. అంత దూరాన ఉన్న భాషలో మన 'క', 'గ'లను కలుసుకోవడం నాకు చుట్టాలింటికి వెళ్ళినట్టుంది. భాష మీద భయం పోయింది. పాటలు వినడం మొదలుపెట్టాను.

ఆ రోజు డేరాలో తీసిన రెండు నిమిషాల వీడియో హైదరాబాద్‌లో ఉన్న నా స్నేహితురాలికి పంపాను. ఆమె పదిహేనేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి. ఆమె చెవి మీద నాకు గౌరవం. "వినడానికి హాయిగా ఉంది గానీ, గిటార్ పెట్టాక ఇంక సంప్రదాయం ఎక్కడిదే? ఇది ఫ్యూజన్" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే ఆమె వీడియోలో సంప్రదాయం అనుకున్నది హార్ప్‌ని. ఆ హార్ప్ కథ తెలిస్తే మాత్రం అంత తేలిగ్గా అనలేం.

వేల్స్ జాతీయ వాద్యం అని చెప్పుకునేది 'తెలిన్ దెయిరెస్', మూడు వరసల హార్ప్. తీగలు తొంభైకి పైచిలుకు ఉంటాయి. బయటి రెండు వరసలూ ఒకే స్వరాలకు శ్రుతి చేసి ఉంటాయి. మధ్య వరసలో పియానో నల్ల మెట్ల లాంటి స్వరాలు. మధ్య తీగ కావాలంటే బయటి తీగల సందులోంచి వేలు దూర్చి మీటాలి. బయటి రెండు వరసలు ఒకటే కాబట్టి, ఒక చెయ్యి మీటిన స్వరాన్ని రెండో చెయ్యి వెంటనే తన వైపు నుంచి మీటగలదు. ఒకే స్వరం రెండుసార్లు, వెంట్రుకవాసి తేడాతో. కొలనులో నీడ కదిలినట్టుంటుంది ఆ నాదం. పాత వెల్ష్ పద్ధతిలో దీన్ని ఎడమ భుజానికి ఆనించుకుంటారు. ఎడమ చేత్తో పై స్థాయి, కుడి చేత్తో మంద్రం. ఇప్పుడు మిగతా చోట్ల మామూలుగా కుడి భుజానికి ఆనించుకుంటారు.

ఇంత వెల్ష్ వాద్యం పుట్టింది ఇటలీలో. 17వ శతాబ్దంలో లండన్ మీదుగా వేల్స్ చేరింది. ఇటలీ మర్చిపోయింది, లండన్ మర్చిపోయింది, వేల్స్ ఉంచుకుంది. ఆ తర్వాత కాలి మెట్లతో స్వరం మార్చే పెడల్ హార్ప్ వచ్చాక వేల్స్‌లో కూడా పెద్దింటి వాళ్ళు దీన్ని వదిలేశారు. అప్పుడు దీన్ని భుజాన మోసింది ఎవరంటే, జిప్సీలని పిలిచి లోకం ఊరి బయట ఉంచిన రోమానీలు. ఏబ్రమ్ వుడ్ అనే రోమానీ కుటుంబ పెద్ద 18వ శతాబ్దంలో తన వాళ్ళతో వేల్స్ వచ్చాడు. 1799లో చనిపోయాడు. ఆయన సంతతిలో ఫిడేలు వాళ్ళు, హార్ప్ వాళ్ళు ఎందరో. వాళ్ళలో జాన్ రాబర్ట్స్ అనే ఆయనకు 'తెలినోర్ కమ్రి' అని బిరుదు, అంటే వేల్స్ వైణికుడు అన్నట్టు. 1889లో విక్టోరియా రాణి బాలా ప్రాంతానికి వస్తే, ఆమె ఎదుట కొడుకులతో కలిసి హార్ప్ వాయించాడు. బళ్ళ మీద తిరుగుతూ, పశువుల కొట్టాల్లో పడుకుంటూ, పెళ్ళిళ్ళకూ సంతలకూ వాయించి బతికిన కుటుంబం అది.

ఆ వుడ్ కుటుంబం ఇళ్ళలో మాట్లాడుకున్న భాష కథ ఇంకా ఆశ్చర్యం. జాన్ శాంప్సన్ అనే ఆయన లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో గ్రంథపాలకుడు. 1894లో బాలా దగ్గర ఎడ్వర్డ్ వుడ్ అనే హార్ప్ వాద్యకారుడు తారసపడితే, అతని నోట అచ్చమైన రోమానీ విని నిర్ఘాంతపోయాడు. ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి 1926లో ఆ మాండలికానికి వ్యాకరణం, నిఘంటువు అచ్చువేశాడు. అందులో నీళ్ళకు మాట 'పానీ'. ముక్కుకు 'నాక్'. ఒకటి, రెండు అనాలంటే 'యెక్, దుయి'. రోమాల పూర్వీకులు వెయ్యేళ్ళ కిందట భారత ఉపఖండం నుంచి బయల్దేరినవాళ్ళని మనకు తెలిసిందే. కానీ వెల్ష్ కొండల్లో, వానలో, మూడు వరసల హార్ప్ భుజాన వేసుకుని పోతున్న మనిషి దాహమేసి 'పానీ' అని అడిగాడంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నా స్నేహితురాలికి ఇదంతా ఫోన్లో గంట సేపు చెప్పాను. ఇటలీలో పుట్టి, భారత మూలాలున్న సంచార జాతి చేతిలో బతికి, వెల్ష్ జాతీయ వాద్యమైన హార్ప్ సంప్రదాయమైతే గిటార్ మాత్రం ఏం పాపం చేసింది? ఇంకో వందేళ్ళు వెల్ష్ పాటల పక్కన కూర్చోనీ, చూద్దాం. "అంటే ఏది కలిపినా సంప్రదాయమేనంటావా?" అని అడిగింది. కాదు. ఆ ప్రశ్నలో పస ఉంది. నేననేది, కలిపిన వస్తువు ఎక్కడిదన్నది కొలబద్ద కాదు. వాయించేవాడు పాత బాణీలోంచి బయల్దేరాడా, దాని నడక అతని చేతికి తెలుసా, భాష నోటికి వచ్చా అన్నవి కొలబద్దలు. డేరాలో ఆ గిటార్ కుర్రవాడు హార్ప్ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడ ఆగుతున్నాడు. అది నేర్చుకోకుండా రాదు.

ఆ నేర్పు చేతులు మారిన దారిని కూడా పేర్లతో చెప్పొచ్చు. నాన్సీ రిచర్డ్స్ 1888లో మోంట్‌గొమరీ ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టింది. జిప్సీ హార్ప్ వాద్యకారుల బాణీ చిన్నప్పుడే ఆమె చెవిన పడింది. అందరూ పెడల్ హార్ప్‌కి మళ్ళినా ఆమె మూడు వరసలనూ, ఎడమ భుజాన్నీ వదల్లేదు. 1979 దాకా బతికింది. ముసలితనంలో ఆమె దగ్గర నేర్చుకున్న కుర్రాళ్ళలో ఇద్దరు ఆ రాబర్ట్స్ అన్నదమ్ములు, 'ఆర్ లోగ్' వాళ్ళు. ఇంకో పాయ కూడా ఉంది. జాన్ రాబర్ట్స్ మునిమనవరాలు ఎల్డ్రా జార్మన్ దగ్గర ఆ కుటుంబపు బాణీలు నేర్చుకున్న రాబిన్ హ్యూ బోవెన్, తర్వాత 'క్రాస్‌దాంట్' అనే బృందం కట్టాడు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో తెలిసిన పాఠం అది. కానీ ఒక్కొక్క చోట ఆ తాడు ఒకే పోగు మీద వేలాడింది.

ఎందుకంత సన్నబడిందో చెప్పాలి. 1735 ప్రాంతంలో మొదలైన మెథడిస్టు అనే క్రైస్తవ భక్తి ఉద్యమం వేల్స్‌ని ఊపేసింది. ఫిడేలు సైతాను వాద్యం అయింది. నాట్యం పాపం. వాద్యాలు తగలబెట్టారనీ, అటకల మీద దాచారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. 'రాజు గారి బార్డు', అంటే రాజు గారి కవి అని పేరుపడ్డ ఎడ్వర్డ్ జోన్స్ బాణీలు సేకరించి అచ్చువేసిన మనిషి. ఒకప్పుడు ఆటపాటలతో ఉన్న దేశం మందకొడిగా మారిపోయిందనీ, దానికి ఊరూరా తిరిగే బోధకులే కారణమనీ ఆయన 1802లోనే వాపోయాడు. విల్లుతో వాయించే 'క్రూథ్' అనే ఆరు తీగల ప్రాచీన వాద్యం వాయించేవాడు లేక ఆగిపోయింది. ఇప్పుడు వాయిస్తున్నవాళ్ళు మ్యూజియంలో మిగిలిన రెండు మూడు పాతవాటిని చూసి మళ్ళీ చేయించుకున్నవాళ్ళు.

అయినా ప్రార్థనా మందిరాన్ని ఒక్క మాటతో దోషిని చేయలేను. నాలుగు గొంతుల కలయికతో ఊరంతా పాడే అలవాటు వేల్స్‌కి ఇచ్చింది అదే. గని కార్మికుడు స్వరం చూసి పాడగలిగాడంటే ఆ మందిరంలో నేర్చుకున్నాడు. 'వ్రీ' అనే ముగ్గురి బృందం నాకు ఇష్టం ఇందుకే. ఇద్దరు వయొలిన్, వయోలా, ఒకరు చెల్లో. 2019లో వచ్చిన వాళ్ళ తొలి ఆల్బమ్ పేరుకు 'మన తండ్రుల ఇల్లు' అని అర్థం. మందిరం నోరు మూయించిన నాట్య బాణీలనూ, మందిరం నేర్పిన గొంతుల పొందికనూ పక్కపక్కనే కూర్చోబెట్టారు. చంపినవాళ్ళ ఇంట్లోనే చచ్చినవాడి పాట. ఆ ఏడాది మొదటిసారి ఇచ్చిన వేల్స్ జానపద పురస్కారాల్లో ఉత్తమ ఆల్బమ్ అదే.

కార్డిఫ్ నుంచి పాంటిప్రిద్ వెళ్ళే దారిలో నాంట్‌గారు అనే ఊరుంది. అక్కడి నాట్యాలు ఇప్పుడు బడిపిల్లలు కూడా ఆడతారు. అవి ఒకే ఒక్క స్త్రీ జ్ఞాపకంలోంచి వచ్చినవి. చిన్నతనంలో ఊళ్ళో చూసిన ఆటలను ఆమె ముసలితనంలో కూతురు కైన్‌వెన్ థామస్‌కి చెప్పింది, కూతురు రాసి పెట్టింది. తెగని సంప్రదాయం అని గొప్పలు పోయే హక్కు వెల్ష్ వాళ్ళకు లేదు. వాళ్ళది తెగింది. ముడేసుకున్నారు.

ముడేసిన వాళ్ళలో పండితులున్నారు, వాళ్ళకు దండం పెడతాను. 1906లో జానపద గేయాల సంఘం పెట్టారు. కొందరు ఫోనోగ్రాఫ్ పట్టుకుని పల్లెలు తిరిగారు. కార్డిఫ్ శివార్లలోని సెయింట్ ఫాగన్స్ మ్యూజియం వాళ్ళు ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వందల పాటలు టేపుల కెక్కించారు. కానీ టేపులోని పాట ఎవరి కాలూ కదపదు. దాన్ని తీసి, నేర్చుకుని, శనివారం రాత్రి జనం ముందు వాయించి డబ్బు పుచ్చుకునేవాడు వచ్చేదాకా అది భద్రంగా ఉంటుంది, అంతే.

పాత వేల్స్‌కి ఈ సంగతి బాగా తెలుసు. 'క్లెరా' అని వాళ్ళ భాషలో ఒక మాటుంది. కవులు, వాద్యకారులు ఏటా ఇల్లిల్లూ తిరిగి, పాడి, ప్రతిఫలం పుచ్చుకోవడమని దాని అర్థం. 1568లో కేర్విస్ అనే ఊళ్ళో ఎలిజబెత్ రాణి ఆజ్ఞతో ఐస్తెద్‌వొద్ పెట్టింది కూడా, ఎవరు విద్య నేర్చినవారో ఎవరు ఉత్త దేశదిమ్మరులో తేల్చి, నేర్చినవారికి అలా తిరిగే అనుమతి ఇవ్వడానికే. పట్టా పుచ్చుకోవడం అంటే కూలి అడిగే హక్కు పుచ్చుకోవడం. 1996లో సంప్రదాయ వాద్యాల కోసం ఒక సంఘం పెట్టినప్పుడు దానికి 'క్లెరా' అనే పేరు పెట్టారు.

పండగల్లోనూ అంతే. పెంబ్రోక్ ప్రాంతంలో క్వమ్ గ్వైన్ అనే లోయ ఉంది. 1752లో బ్రిటన్ కాలెండరు మార్చుకున్నా ఆ లోయ ఒప్పుకోలేదు. ఇప్పటికీ కొత్త సంవత్సరం జనవరి 13న చేసుకుంటారు. పిల్లలు పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి వెల్ష్ పాటలు పాడతారు. ఇంటివాళ్ళు చిల్లర డబ్బులో, మిఠాయో ఇస్తారు. ఆ ఇచ్చే దాన్ని 'కాలెన్నిగ్' అంటారు. కాలన్ అంటే సంవత్సరాది. ఈ తరం బృందాల్లో బాగా పేరున్న ఒకటి ఆ 'కాలన్' పేరే పెట్టుకుంది. జనవరి 13 అంటే మనకు భోగి ఆ రోజో మర్నాడో. హరిదాసు అక్షయపాత్రలో గుప్పెడు బియ్యం పోయడానికి పిల్లల్ని పంపే వేళ.

ఇదంతా పాత మురిపెం కాదని 2013లో తేలింది. 2007 తర్వాత, పాటలకు రాయల్టీ లెక్కగట్టే పద్ధతి మారి, రేడియోలో వినిపించే వెల్ష్ పాటకు దక్కేది దారుణంగా పడిపోయింది. సంగీతకారులు రాయల్టీ వసూలు చేసిపెట్టే బ్రిటన్ సంఘంలోంచి బయటికొచ్చి సొంతంగా 'ఇయోస్' అని సంఘం పెట్టుకున్నారు. ఇయోస్ అంటే నైటింగేల్ పిట్ట. దాని కోసం ముందు నిలిచి మాట్లాడినవాళ్ళలో ఒకరు సైన్ రికార్డుల సంస్థ నడిపిన దవిద్ రాబర్ట్స్, నాన్సీ రిచర్డ్స్ దగ్గర హార్ప్ నేర్చుకున్న ఆ కుర్రాడే. బీబీసీతో లెక్క కుదరలేదు. 2013 జనవరి 1 నుంచి ముప్పై వేలకు పైగా పాటలు బీబీసీ వెల్ష్ రేడియో 'రేడియో కమ్రి'లో వినిపించడం ఆగిపోయింది. వెల్ష్ రేడియోలో వెల్ష్ పాటలు కరువై, ప్రసార వేళలే కుదించుకోవాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో తాత్కాలిక ఒప్పందం కుదిరింది. తర్వాత ట్రిబ్యునల్ తీర్పులో వాళ్ళు అడిగినంత రాలేదు. అయినా ఆ కొన్ని వారాల నిశ్శబ్దం నాకు గొప్ప కచేరీలా తోస్తుంది. భాషను ప్రేమిస్తున్నాం కాబట్టి ఊరికే పాడతాం అని వాళ్ళు అనలేదు. భాషను ప్రేమిస్తున్నాం కాబట్టే దాంట్లో పాడేవాడు అన్నం తినాలి అన్నారు.

"డబ్బుతోనే అన్నీ అవుతాయా? మరి 'అమ ఒ హీద్' మాటేమిటి?" అని మా వెల్ష్ తరగతి పెద్దావిడ నన్ను నిలదీసింది. న్యాయమైన ప్రశ్న. దవిద్ ఇవాన్ 1983లో రాసి పాడిన పాట అది. భాష కోసం జైలుకెళ్ళిన గాయకుడు ఆయన. 1979లో స్వపరిపాలన రెఫరెండం ఘోరంగా ఓడిపోయింది. గనులు మూతపడుతున్నాయి. ఊళ్ళు నీరసించి ఉన్నాయి. రోమన్ సేనాని మాక్సెన్ 383లో బ్రిటన్ వదిలి వెళ్ళాడు, పదహారు వందల ఏళ్ళయింది, అయినా మనం ఇంకా ఇక్కడే ఉన్నాం అంటుంది పాట. 'ఇంకా ఇక్కడే' అనేదే ఆ పేరుకు అర్థం. 2022లో వేల్స్ ఫుట్‌బాల్ జట్టు ఆ పాటను తన పాట చేసుకుంది. జూన్‌లో యుక్రెయిన్ మీద గెలిచి, 1958 తర్వాత మొదటిసారి ప్రపంచ కప్‌కి అర్హత సాధించిన సాయంత్రం, డెబ్బై తొమ్మిదేళ్ళకు దగ్గర పడుతున్న ఆ మనిషి కార్డిఫ్ మైదానంలో పాడుతూ ఏడ్చేశాడు. వెల్ష్ ఒక్క ముక్క రానివాళ్ళు కూడా అక్షరం పొల్లుపోకుండా పాడారు. 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చని చెప్పినవాళ్ళు 17.8 శాతమే. స్టేడియంలో మాత్రం నూటికి నూరు.

దీన్ని ఏ కిరాయి కొంటుంది, నిజమే. కానీ ఆ పాట పుట్టిన చోటు చూడాలి. 1982లో, వెల్ష్ రాకుమారుడు లవెలిన్ చనిపోయి 700 ఏళ్ళయిన సందర్భంగా దవిద్ ఇవాన్, 'ఆర్ లోగ్' కలిసి ఊరూరా కచేరీలు చేశారు. జనం టికెట్లు కొని వచ్చారు. మర్నాటి ఏడు మాక్సెన్ పేరిట ఇంకో యాత్ర. ఆ యాత్ర కోసం పుట్టిన పాట ఇది. వెనక వాయించింది 'కిరాయికి' అని పేరు పెట్టుకున్న బృందమే. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఊరి హాళ్ళలో, పబ్బుల్లో, పెళ్ళిళ్ళలో, పిలిచిన చోటికల్లా వెళ్ళి పాడారు కాబట్టి అది 2022 దాకా నిలిచింది. పెద్దావిడకు ఈ మాటే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. "ప్రేమ ముందు, డబ్బు తర్వాత" అంది. ఆమెతో నాకు ఇంకా వాదం నడుస్తూనే ఉంది.

నా వాదం వెనక నా సొంత బాధ ఒకటుంది. కొన్నేళ్ళ కిందట ఇక్కడి ఒక తెలుగు సంఘం ఉగాది కమిటీలో నేనూ ఉన్నాను. హాలుకు డబ్బిచ్చాం, భోజనాలకు ఇచ్చాం, దీపాల వెలుగులకు ఇచ్చాం, డీజేకి నాలుగు వందల పౌండ్లు ముందే ఇచ్చాం. కొడుకును చూడటానికి మా ప్రాంతం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పై ఏళ్ళు తప్పెటగుళ్ళు ఆడి, ఆడించిన మనిషి. ఆయన్ను 'మన సంస్కృతి కోసం' పది నిమిషాలు పాడమన్నాం. పాడారు. అరవై దాటిన మనిషి గొంతులోంచి ఆ పాట హాలు చివరి దాకా మైకు లేకుండా వెళ్ళింది. శాలువా కప్పాం, ఫొటో దిగాం. ఆయనకు ఏమైనా ఇవ్వాలన్న ఆలోచన ఆ కమిటీలో ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. బయానా ఇచ్చి వచ్చే తాతకు మనవరాలిని నేను.

అదే ఏడాది మా అబ్బాయి బడిలో తల్లిదండ్రుల సంఘం 'టుమ్‌పాథ్' పెట్టింది. అంటే జానపద బృందం వాయిస్తుంటే, ఒకరు అడుగులు పిలిచి చెబుతుంటే, అందరూ ఆడే ఆట. టికెట్ల డబ్బు లెక్కపెడుతూ కోశాధికారి మొదట ఒక కవరు పక్కకు తీసి "ఇది బృందానిది" అంది. మిగిలింది ఎంతయితే అంత బడికి. ఆ కవరు పక్కకు జరిపిన తీరు నాకు మనసులో ముద్ర పడిపోయింది. వాళ్ళు ఆ రాత్రి రెండు గంటలు వాయించారు. పిల్లలు బూట్లు విప్పేసి ఆడారు. ఏడేళ్ళ మా వాడు ఇప్పటికీ నాంట్‌గారు ఆట అడుగులు వంటింట్లో వేస్తుంటాడు.

మళ్ళీ ఆ ఆగస్టు సాయంత్రానికి వస్తాను. డేరాలోంచి బయటికొచ్చి అమ్మా నేనూ పార్కులో నడిచాం. అక్కడ జాతీయ గీతం కట్టినవాళ్ళ గుర్తుగా గోస్కమ్ జాన్ అనే శిల్పి చేసిన రెండు విగ్రహాలున్నాయి. వేల్స్ జాతీయ గీతం 1856లో ఈ ఊళ్ళోనే పుట్టింది. తండ్రి ఎవన్ జేమ్స్ మాటలు రాశాడు, కొడుకు జేమ్స్ జేమ్స్ బాణీ కట్టాడు. కొడుకు హార్ప్ వాయించేవాడు, తర్వాత పబ్బులు నడిపాడు. ఇప్పుడు అందరూ గంభీరంగా నిలబడి పాడే ఆ గీతం మొదట ఇంకా వడిగా, నాట్యానికి పనికొచ్చేలా ఉండేదట. అమ్మకు చెప్పాను. "పెళ్ళిల్లకి ఎళ్ళేవోడేమో" అంది.

స్టేషన్‌కి పోయే దారిలో పదేళ్ళ పిల్ల ఒకతె ఫిడేలు వాయిస్తూ నిలబడి ఉంది. పెట్టె తెరిచి ముందు పెట్టుకుంది. అడుగున నాలుగైదు నాణేలు. డేరాలో విన్న బాణీల్లో ఒకటి, రెండుచోట్ల తప్పుతూ, మళ్ళీ మొదటికి వెళ్ళి సరిచేసుకుంటూ వాయిస్తోంది. వాళ్ళమ్మ కాబోలు, కొంచెం ఎడంగా బల్ల మీద కూర్చుని ఉంది. అమ్మ కొంగు ముడి విప్పి, నేనిచ్చిన అయిదు పౌండ్ల నోటు తీసింది. పెట్టెలో పడేయలేదు. పిల్ల వాయించడం ఆపేదాకా ఆగి, చేతికే ఇచ్చింది.

"ఇంకొకటి వాయించమ్మా, మేం ఇంటాం" అంది తెలుగులో.

పిల్ల నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోగానే ఫిడేలు గడ్డం కింద పెట్టుకుంది.